నాలుగొందల యాభై గుర్రాలు, తొమ్మిది స్పీడు బ్రేకర్లు

మా వారిలో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. దాని పొడవు పదహారడుగులు, రంగు ఎరుపు, తలుపులు రెండు. మిగతా విషయాల్లో ఆయన బంగారం. కాఫీ గ్లాసు తనే కడుక్కుంటారు, టీవీ రిమోటు అడక్కుండానే ఇచ్చేస్తారు, మా పుట్టింటివాళ్ళ పేర్లన్నీ గుర్తుపెట్టుకుంటారు. అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట బుల్‌హార్న్ అనే కారుతో ప్రేమలో పడ్డారు. పరాయి ఆడదైతే నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని, నలుగురూ నా పక్షాన ఉండేవాళ్ళు. కారు కావడంతో ఆ నలుగురే వచ్చి ఆయనకి షేక్‌హ్యాండిచ్చి, నేను వేసిన పకోడీలు తిని వెళ్ళారు.

ఇలాంటివాటిని మజిల్ కార్లంటారట. కండలు తిరిగిన జాతి. ముక్కు బారెడు ముందుకి, పొట్ట బెత్తెడు ఎత్తున నేలకి. నాలుగొందల యాభై గుర్రాల బలం, పది గేర్లు. మేముండేది ఔటర్ రింగ్ రోడ్డుకి అవతల, వైజయంతి మెడోస్ అనే గేటెడ్ కమ్యూనిటీలో. మా సెల్లారు నుంచి మెయిన్ గేటుకి మూడొందల ఎనభై మీటర్లు, మధ్యలో తొమ్మిది స్పీడు బ్రేకర్లు. అంటే గుర్రానికి మీటరు చోటు కూడా రాలేదు. గేటు దాటితే ఫ్లైఓవరు పని జరుగుతోంది, ఒకే వరుసలో లారీల వెనకాల పాకాలి. కొని ఆర్నెల్లయినా ఆ కారు మూడో గేరు మొహం చూడలేదు. మిగతా ఎనిమిది గేర్లూ బీరువాలో పట్టుచీరల్లా మడత నలక్కుండా ఉన్నాయి.

నాకూ ఒక కారుంది. తెల్లది, చిన్నది, పదేళ్ళది. పక్కన గీతలున్నాయి, ఒక గీతకి నేనే బాధ్యురాలిని. ఆ కారు గురించి నేనెప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు, ఫ్రిజ్ గురించి మాట్లాడతామా? కానీ నాలుగు నెలల కిందట మా అత్తగారు సుందరమ్మ గారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయ్యాక డాక్టరు నన్నూ మా వారినీ కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాడు. ఒకటి, మంగళవారం, శుక్రవారం తప్పకుండా ఫిజియోథెరపీకి తీసుకురావాలి, మానేస్తే కీలు బిగుసుకుని మంచానికే అంకితం. రెండు, పల్లంగా ఉన్న దేనిమీదా కూర్చోబెట్టకూడదు. నా కారు సీటు సరిగ్గా ఆవిడ నడుమెత్తుకి వస్తుంది. వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు రెండూ లోపలికి తీసుకుంటే చాలు.

"నాకేం వెయ్యేళ్ళు బతకాలని లేదే అమ్మాయ్," అనేవారు ఆవిడ దారిలో. డెబ్భై ఆరేళ్ళ తణుకు మనిషి, మాట సూటిగా ఉంటుంది. "ఒకరి చెయ్యి పట్టుకోకుండా బాత్రూంకి వెళ్ళాలి. అంతే. ఆ ఒక్కటీ ఇప్పించు, నీకు పుణ్యం ఉంటుంది."

వాకరు పట్టుకుని పది అడుగులు వేసే స్థితికి తెచ్చాం. అప్పుడు మా కాలనీకి విధేయత జబ్బు పట్టుకుంది.

---

దీనికంతటికీ మూలం పళ్ళ డాక్టరు చక్రధర్ గారు. తూర్పు బ్లాకులో ఉంటారు. ఆయన నల్లటి రాప్టన్ కొన్నారు. బుల్‌హార్నూ రాప్టనూ పుట్టిన దేశంలో అరవయ్యేళ్ళుగా బద్ధ శత్రువులట. ఆ శత్రుత్వం ఓడెక్కి సముద్రాలు దాటి మా వాట్సాప్ గ్రూపులో దిగింది. "బుల్‌హార్న్ శబ్దం వింటే మా క్లినిక్కులో ఉమ్ము లాగే గొట్టం గుర్తొస్తోంది" అని ఆయన రాశారు. పది నిమిషాల్లో పడమటి బ్లాకు నుంచి సంఘం అధ్యక్షులు పానకాలరావు గారు జవాబిచ్చారు. "రాప్టన్ యజమానులు పళ్ళ కంటె ముందు చెవులు చూపించుకొనుట శ్రేయస్కరము."

పానకాలరావు గారు ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. అడిగితే ఎన్ని కాలవలు తవ్వించారో చెప్పరు గాని, తవ్వించకపోవడానికి గల కారణాలు ఎనిమిది సంపుటాలుగా రాశానని చెబుతారు. మాట్లాడినా ఫైలు మీద రాస్తున్నట్టే ఉంటుంది. కాలనీలో మొదటి బుల్‌హార్న్ ఆయనదే. అందులో ఒకసారి కూర్చుని లేచాకే మా వారికి ప్రేమ పుట్టింది. అదే వారం సంఘం కార్యదర్శి పదవి కూడా పుట్టింది.

వారం తిరక్కుండా క్లబ్ హౌసులో సర్వసభ్య సమావేశం పెట్టారు. పానకాలరావు గారు లేచి కాగితం చదివారు.

"ఇందుమూలముగా సమస్త నివాసులకు తెలియజేయునది ఏమనగా, మన ప్రాంగణమందు వాహన విధేయత కొరవడుట వలన సామరస్యమునకు విఘాతము కలుగుచున్నది. కావున ప్రతి కుటుంబము బుల్‌హార్న్ లేదా రాప్టన్‌లలో ఒకదానికి విధేయత ప్రకటించవలెను. విధేయులు నెలకొక పర్యాయము మూడువందల మాటలకు తగ్గని చోదనానుభూతి నివేదిక సమర్పించవలెను. ఏ పక్షమునకూ చెందని వాహనములు నిర్బల వాహనములుగా వర్గీకరింపబడి, తొంబది దినముల గడువు అనంతరము ప్రవేశార్హత కోల్పోవును."

మా కింది ఫ్లాటు అనసూయ టీచరు గారు చెయ్యెత్తారు. "చోదనానుభూతి అంటే?"

"కారు నడిపినప్పుడు కలిగిన భావోద్వేగము, అమ్మా."

"మాకు కారు లేదండీ. స్కూటీ ఉంది. అది నడిపితే వెన్నునొప్పి తప్ప ఏ భావోద్వేగమూ రాదు."

"విధేయతకు వాహనము అవసరము లేదు. హృదయము చాలును. కీచైను సంఘమే సరఫరా చేయును."

చక్రధర్ గారు అభ్యంతరం చెబుతారని చూశాను. ఆయన లేచి, కీచైన్లు రెండు పక్షాలకూ సమాన సంఖ్యలో ఉండాలని గట్టిగా వాదించి, నెగ్గి, కూర్చున్నారు. అంతదాకా ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ ఆ రోజు ఒకే ప్లేట్లో సమోసా తిన్నారు. శత్రువులకి కావలసింది శత్రువే గాని, ఏ గొడవా పట్టని మనిషి కాదని నాకు అప్పుడే తెలిసింది. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేనెత్తకపోయినా మా వారు ఇంటికి ఒక ఓటు లెక్కన నాది కూడా ఎత్తేశారు.

---

మొదటి నివేదిక రాయడానికి మా వారు ఆదివారం పొద్దున్న కూర్చున్నారు. పన్నెండింటికి కాగితం మీద 'నా బుల్‌హార్న్' అని ఉంది. కింద గీత ఉంది.

"హైమా, నువ్వు ఎమ్మే తెలుగు కదా," అన్నారు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి.

ఆ ఎమ్మే వల్ల నాకు అత్తవారింట దక్కిన ఉద్యోగాలు రెండు. శుభలేఖలు రాయడం, సంతాప తీర్మానాలు రాయడం. ఇది మూడోది.

"నడిపినప్పుడు మీకేమనిపించింది?"

"స్పీడు బ్రేకరు వస్తుందేమోనని భయమేసింది."

"ఇంకా?"

"వచ్చాక ఇంకా భయమేసింది."

దీంతో మూడొందల మాటలు రావు. ఆయన్ని వెళ్ళి పడుకోమన్నాను. ఆ సమయానికి వంటింట్లో దోసెల పిండి గ్రైండరు తిరుగుతోంది. నేను కళ్ళు మూసుకుని, దాని మీద చెయ్యి పెట్టి, ఉన్నదున్నట్టు రాశాను.

"స్విచ్ నొక్కగానే మొదట ఒక గంభీరమైన గుర్రు. అది చెవులకి కాదు, పాదాలకి వినిపిస్తుంది. దీనికి తొందర లేదు. లోపల బరువైనదేదో ఒళ్ళు విరుచుకుని మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది, రెండో చుట్టులో తన బలం తాను తెలుసుకుంటుంది. కాసేపటికి నేల, గోడ, నడిపే మనిషి ఒకే లయలో పడతారు. ఎదురొచ్చినదాన్ని ఇది ఢీకొట్టదు, మెత్తబరుస్తుంది. చెయ్యి వేస్తే వెచ్చగా, నమ్మకంగా ఉంటుంది. ఆపేశాక కూడా చాలాసేపు గదిలో నిశ్శబ్దం వణుకుతూనే ఉంటుంది..."

మా వారు లేచి చదువుకున్నారు. కళ్ళు చెమర్చాయి. "ఇదే హైమా! అచ్చం నా మనసులో ఉన్నదే!" అని హాల్లోకి వెళ్ళి గొంతెత్తి మళ్ళీ చదివారు.

లోపల మంచం మీంచి అత్తగారన్నారు. "ఒరే నాన్నా, అది మన గ్రైండరు గురించి రాసినట్టుందిరా."

"అమ్మా, నీకు టెక్నికల్ విషయాలు తెలీవు."

నివేదికకి ప్రథమ బహుమతి వచ్చింది. క్లబ్ హౌసులో పానకాలరావు గారు దాన్ని నిలబడి చదివారు, 'మెత్తబరుస్తుంది' దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. మర్నాడే సర్క్యులరు వచ్చింది. సదరు నివేదికయందలి అనుభూతిని ప్రామాణిక అనుభూతిగా ఆమోదించడమైనది, ఇకమీదట బుల్‌హార్న్ విధేయులందరికీ ఇదే కలగవలెను, ఇంతకు మించినది గాని తగ్గినది గాని కలిగినచో రాతపూర్వకముగా వివరణ ఇవ్వవలెను.

ఆ సాయంత్రం చక్రధర్ గారు పళ్ళరసం ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మా వారు లేని సమయం చూసుకునే వచ్చారు. "మేడమ్, మా రాప్టన్‌కి కూడా ఒకటి రాసిపెట్టాలి. మీరు అవతలి పక్షం అనుకోండి, కానీ సాహిత్యానికి పక్షాలుండవు కదా."

"మీకేమనిపిస్తుంది డాక్టరు గారూ, నడిపినప్పుడు?"

"అంటే... మెయిన్‌గా... బుల్‌హార్న్ కంటె బావుంటుంది."

ఆయనకి మిక్సీ రాసిచ్చాను. "ఒకటో నంబరులో మర్యాద. రెండో నంబరులో కోపం. మూడో నంబరులో ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించదు. పైభాగాన్ని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకోవాలి, లేదంటే పరువు పైకప్పుకి అంటుకుంటుంది. లేచే సన్నటి కాలిన వాసనలో ఒక మత్తు ఉంది..." ఆయన రెండుసార్లు చదివి, "కాలిన వాసన! ఎలా పట్టుకున్నారండీ?" అని నా వైపు భయంభయంగా చూశారు. తూర్పు వైపు అది ప్రామాణికమైంది.

అలా ఆ నెల నించి వైజయంతి మెడోస్ లో సగం మంది గ్రైండరులా, సగం మంది మిక్సీలా అనుభూతి చెందారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడగలేదు కూడా ఎవరూ.

---

అనుభూతి ఒకసారి రూలైతే దానికి తనిఖీ కావాలి. గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్యకి వాకీటాకీతో పాటు రెండు కాగితాలిచ్చారు. లోపలికొచ్చే ప్రతి విధేయుడూ అనుభూతి అప్పజెబితేనే గేటు కర్ర లేస్తుంది.

"సార్, జర అనుభూతి చెప్పుండ్రి," అనేవాడు యాదయ్య.

"యాదయ్యా, ఆఫీసు నించి వస్తున్నానయ్యా, తలనొప్పి."

"తలనొప్పి కాయితంల లేదు సార్. 'గంభీరమైన గుర్రు' కాడ్నించి షురూ చెయ్యుండ్రి, మిగతాది నేనందిస్త."

పదిహేను రోజుల్లో కాలనీ మొత్తంలో రెండు అనుభూతులూ తడబడకుండా కలిగే మనిషి యాదయ్య ఒక్కడే. అతనికి సైకిలుంది.

ఆ తర్వాత నీళ్ళ ట్యాంకరు వంతు. డ్రైవరుని ఏ పక్షమని అడిగితే, "అన్నా, నాది లారీ" అన్నాడట. ఉపసంఘం ట్యాంకరును పరీక్షించి, పొగ నల్లగా ఉన్నందున రాప్టన్ పక్షమని తేల్చింది. పడమటి బ్లాకుకి రెండు రోజులు నీళ్ళు లేవు. మేము పడమటి బ్లాకే. మా వారు తూర్పున ఉన్న స్నేహితుడింట్లో స్నానం చేద్దామని తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరి, అది విధేయతా ఉల్లంఘన కిందకి వస్తుందని తనే రాసిన రూలు గుర్తొచ్చి మెట్ల మీంచి వెనక్కి వచ్చారు.

అన్నిటికన్నా గొప్పది స్పీడు బ్రేకర్ల తీర్మానం. కండలున్న కారుకి పొట్ట నేలకి దగ్గర. మనుషులెక్కితే ఇంకా దగ్గర. ప్రతి బ్రేకరు మీదా 'క్ర్ర్ర్' మని గీసుకుంటుంటే, యజమానులు పళ్ళు నూరుకుంటుంటే, ఒక్క చక్రధర్ గారి క్లినిక్కుకే లాభం. బ్రేకర్లు తవ్వేద్దామని ఎవరో అన్నారు. తవ్వితే పిల్లలున్న చోట కార్లు వేగంగా వెళతాయని మరెవరో అన్నారు. వేగంగా వెళ్ళే కార్లు కొనుక్కున్న మగాళ్ళందరూ అది చాలా ప్రమాదమని ఒప్పుకున్నారు. పానకాలరావు గారు వారం ఆలోచించి పరిష్కారం కనుక్కున్నారు.

"ప్రతి స్పీడు బ్రేకరు వద్ద ప్రయాణికులు వాహనము దిగవలెను. తోటమాలులు ఇద్దరు చక్రముల క్రింద సెంట్రింగ్ చెక్కలు పరచెదరు. భారరహితమైన వాహనము గౌరవప్రదముగా దాటిన పిమ్మట ప్రయాణికులు తిరిగి అధిరోహించవలెను."

దాంతో పొద్దున్నే మా వీధిలో కుటుంబాలు కార్ల వెనకాల నడవడం మొదలైంది. ముందు చెక్కలు మోసేవాళ్ళు, వెనక నాలుగొందల యాభై గుర్రాలు, ఆ వెనక టై కట్టుకున్న మనుషులు, స్కూలు సంచుల పిల్లలు. తొమ్మిది సార్లు దిగి తొమ్మిది సార్లు ఎక్కడం దండగని చాలామంది గేటు దాకా నడిచేసేవాళ్ళు. ఊరేగింపు అనుకుని బయట రోడ్డు మీద ఒకాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడని యాదయ్య చెప్పాడు.

నేను మాత్రం మంగళవారం, శుక్రవారం అత్తగార్ని నా తెల్లకారులో కూర్చోబెట్టుకుని, ఆ ఊరేగింపుని దాటుకుని, తొమ్మిది బ్రేకర్లూ గుంభనంగా ఎక్కి దిగి వెళ్ళొచ్చేదాన్ని. అదే నా తప్పయింది. నిర్బల వాహనము సబలములను దాటి పోవుట చూపరులకు తప్పుడు సంకేతము ఇచ్చుచున్నదని ఫిర్యాదు వెళ్ళింది.

---

తొంభై రోజుల గడువు సోమవారంతో అయిపోయింది. నోటీసు డైనింగ్ టేబులు మీదే అందింది. ఇచ్చింది మా వారే, కార్యదర్శి హోదాలో.

"అందినట్టు సంతకం చెయ్యి హైమా. రూలు."

"ముందు ఉప్మా తినండి, చల్లారిపోతుంది." సంతకం చేసి అడిగాను. "రేపు మంగళవారం. అత్తయ్య గార్ని ఎలా తీసుకెళ్ళమంటారు?"

"కారు గేటు బయట టీకొట్టు దగ్గర పెట్టుకో. అమ్మ అక్కడిదాకా..."

"మూడొందల ఎనభై మీటర్లు. ఆవిడ పదడుగులు వేస్తారు."

"ఆటో?"

"లోపలికి రానివ్వకూడదని మీరే రాశారు."

"సంఘానికి వీల్‌చైర్ ఉంది కదా!"

అదీ అడిగాను. చక్రాలున్నందున అది వాహనమా, ఇంజను లేనందున సామానా, వాహనమైతే ఏ పక్షం అన్న విషయం ఉపసంఘం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది.

మంగళవారం పోయింది. బుధవారం అత్తగారు మంచం దిగడానికి కాలు కదపబోయి పెదవి కొరుక్కున్నారు. గురువారం ఐదడుగులే వేశారు. నేను మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టాను. ఎమ్మే అంతా ధారపోసి రాశాను. సాయంత్రానికి జవాబు. "అర్జీదారు కుటుంబము నందు బుల్‌హార్న్ లభ్యమై యున్నందున, వృద్ధురాలిని సగౌరవముగా దానియందే తరలించవచ్చును. కార్యదర్శి గారు స్వయముగా చోదన బాధ్యత వహించెదరు."

మా వారు శుక్రవారం సెలవు పెట్టారు. మొహంలో వెలుగు దాచుకోలేకపోయారు, పాపం. ఆర్నెల్ల తర్వాత ఆ కారుకి ఒక పని దొరికింది.

"పల్లంగా కూర్చోకూడదన్నాడు డాక్టరు," అన్నాను నేను.

"రెండు దిళ్ళు వేశాను హైమా."

రెండు దిళ్ళు వేసినా ఆ సీటు మా పీట కంటె పల్లమే. నేనూ మా వారూ చెరో చంకా పట్టుకుని అత్తగార్ని దింపాం. కూర్చోవడం కాదది, జారడం. మోకాళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. "బానే ఉందిలేరా," అన్నారావిడ కొడుకు మొహం చూసి. వెనక సీటు నాకు చాలదు, చేతిసంచికే సరిపోతుంది. పక్కన నడిచాను.

మొదటి బ్రేకరు దగ్గర పానకాలరావు గారు ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో వాకీటాకీ పట్టుకుని నిలబడి ఉన్నారు. "ప్రయాణికులు దిగవలెను."

"ఆపరేషనైన మనిషండీ," అన్నాను.

"సానుభూతి ఉన్నది. మినహాయింపు లేదు. దిగనిచో వాహనము అడుగుభాగమున గీత పడును. కార్యదర్శి గారూ, పడిన ఎడల బాధ్యత ఎవరిది?"

మా వారు స్టీరింగు పట్టుకుని ముందుకి వంగి, ఆ బ్రేకరు వంక చూశారు. తర్వాత తల్లి వంక చూశారు. ఎంతసేపో కాదు. కానీ ఆ రెండు చూపుల మధ్య ఉన్న వ్యవధి నేను చూశాను.

"అమ్మా," అన్నారు. "ఒక్కసారి దిగుదువుగాని."

దింపాం. చెక్కలు వేశారు, కారు దాటింది, మళ్ళీ ఎక్కించాం. రెండో బ్రేకరు దగ్గర దింపాం, ఎక్కించాం. మూడో దాని దగ్గర పైకి లాగుతున్నప్పుడు ఆవిడ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. బాధ అని పిలవడానికి కూడా ఓపిక లేని శబ్దం. మొహం పాలిపోయింది. నిలబెడితే కుడికాలు నేల మీద ఆనలేదు.

అనసూయ టీచరు గారు కింద ఫ్లాటులోంచి ఎత్తుగా ఉన్న డైనింగు కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నడిరోడ్డు మీద, మూడో బ్రేకరుకీ ఎర్రకారుకీ మధ్య అత్తగార్ని కూర్చోబెట్టాం. తోటమాలులు చెక్కలు పట్టుకునే నిలబడిపోయారు.

పానకాలరావు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రయాణము అసంపూర్ణమైనను ప్రయాణికుల అనుభూతి నమోదు చేయవలసి ఉన్నది. అమ్మా, బుల్‌హార్న్ నందు..."

"రాసుకో నాయనా," అన్నారు అత్తగారు ఊపిరి కూడదీసుకుని. "మూడు మాట్లు నూతిలోకి దిగాను. మూడు మాట్లు పైకొచ్చాను. నీళ్ళు మాత్రం పడలేదు."

"ఇది ప్రామాణిక అనుభూతికి విరుద్ధముగా ఉన్నది."

తూర్పు బ్లాకు రెండో అంతస్తు బాల్కనీలోంచి చక్రధర్ గారు కేకేశారు. "పెద్దమ్మగారూ, రాప్టన్ తీస్తానండీ! విధేయత మార్పు ఫారం ఒక్కటి... వేలిముద్ర వేసినా చాలు!"

"నాకు సంతకం వచ్చయ్యా," అన్నారావిడ. "పెట్టను."

నేను కొంగు బిగించుకుని గేటు వైపు నడిచాను. మిగిలిన ఏడు బ్రేకర్లూ దాటి, టీకొట్టు దగ్గర నిలిపిన కారు తీసి, స్టార్టు చేసి, గేటు కర్ర ముందు తెచ్చి పెట్టాను. హారను కొట్టాను. జన్మలో అంతసేపు హారను కొట్టి ఎరగను.

యాదయ్య పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, స్టికర్ లేదు గదా."

"ఎత్తు యాదయ్యా."

"నా కొలువు పోతదమ్మా. ఇద్దరు పిల్లలు. సెక్రెటరీ సార్ ఒక్క మాట చెప్తే చాలు, కర్రనే ఇరగ్గొడ్త." వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సార్, సెక్రెటరీ సార్! మేడం తెల్లకారు తెచ్చింది. లోపలికి ఇడువాల్నా?"

గరగరమంది. ముందుగా వచ్చింది పానకాలరావు గారి గొంతు. "నిర్బల వాహన ప్రవేశమునకు కారణము రికార్డు కావలెను. కార్యదర్శి గారూ, ఏ నియమము క్రింద అనుమతించుచున్నారు? కారణము చెప్పుడు."

యాదయ్య నా వైపు చూశాడు, నేను కర్ర వైపు చూశాను.

"కారణం రాసుకోండి," అంది మా వారి గొంతు. "నేను తప్పు చేశాను."

"తప్పు అనగా... క్లరికల్ పొరపాటా? విధానపరమైన లోపమా?"

"రెండూ కాదండీ. పల్లంగా కూర్చోబెట్టొద్దని డాక్టరు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. విన్నాను. విని కూడా, కారు కింద గీత పడుతుందని మా అమ్మని మూడుసార్లు దింపాను. నియమం ఏదీ లేదు. నాదే తప్పు."

"మీరు ఆవేశములో ఉన్నారు. ఇది మినిట్స్‌లో ఎక్కించుట సాధ్యపడదు. మరొక పర్యాయము ఆలోచించుకొని, స్పష్టముగా..."

ఆ తర్వాతిది వాకీటాకీలోంచి రాలేదు. నేరుగా గాలిలోనే, మూడొందల మీటర్ల అవతల నించి, రెండు బ్లాకుల బాల్కనీలకీ వినబడేలా వచ్చింది.

"తప్పు నాదే! గేటెత్తు యాదయ్యా!"